కత్తెర పడని చాపు

నా పెళ్లికి పన్నెండు రోజుల ముందు నేను పల్నాడు వెళ్లాను. చుట్టాలను పిలవడానికి కాదు, మొక్కు తీర్చుకోవడానికి కాదు. ఒక పంచె కోసం వెళ్లాను. రాజమండ్రిలో నాతో పనిచేసేవాళ్లు విని నవ్వారు. "మెయిన్ రోడ్డు మీద దొరకని పంచె అక్కడేముందండీ?" అన్నారు. పల్నాడు అంటే ఎండ, రాయి, కారం అని తప్ప ఇంకేమీ తెలియని వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. వెల్దుర్తి వైపు ఒకప్పుడు మా ముత్తాత వీధిలో నడిస్తే అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవారట. ఆయన పోయాక మా తాత, ఆయన తమ్ముడు భూమి కోసం దావా వేసుకున్నారు. దావా ముగిసేసరికి ఇద్దరికీ చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు. మా తాత కృష్ణా, గోదావరీ రెండూ దాటి రాజమండ్రిలో అద్దెకు దిగాడు. ఆ ఊళ్లో నేను ఒక ప్రైవేటు కాలేజీ లైబ్రేరియన్ని. ముప్పై ఎనిమిదేళ్లు. తోడబుట్టినవాళ్లు లేరు. అమ్మా నాన్నా లేరు. పెద్దదిక్కు అనదగింది మా మేనత్త ఒక్కతే.

మా ఇంటి నుంచి మాకు మిగిలినవి ఒక ఫోటో, రెండు కట్టుబాట్లు. ఫోటోలో మా తాత పెళ్లిపీటల మీద కూర్చుని ఉంటాడు. నడుముకు వెడల్పాటి అంచు పంచె, ఆ అంచు ఫోటోలో నలుపు, అత్త మాటలో ఎరుపు. భుజాల మీద ఏమీ లేదు. కట్టుబాట్లు మా అత్త నోట వందసార్లు విన్నవి. పీటల మీద కూర్చునేవాడి ఒంటి మీద కత్తెర పడిన బట్ట ఉండకూడదు, ఇది మొదటిది. మా ఇంటి పెళ్లికొడుకు కండువా వేయకూడదు, ఇది రెండోది. ఎందుకు అని చిన్నప్పుడు అడిగితే అత్త మెడ నిటారుగా పెట్టి చెప్పేది. "కండువా వేసినవాడు ఎవరి ముందో ఒకరి ముందు దాన్ని తీసి చంకలో పెట్టుకోవాలి. తీయాల్సింది మనం అసలు వేయం."

నేను ఆ మాట మీద పెరిగాను. ఇల్లు లేకపోయినా మెడ ఉంది కదా అనుకున్నాను.

నరసరావుపేటలో సంబంధం కుదిరింది. అమ్మాయి పేరు వసుంధర, ఆసుపత్రి ల్యాబ్‌లో పని. వాళ్ల నాన్నది మిర్చి వ్యాపారం. ఆయన తక్కువ మాట్లాడతాడు. ఆయనకు బదులు మాట్లాడేది వసుంధర తమ్ముడు భాస్కర్. పెళ్లికొడుకు బట్టలు ఆడపెళ్లివాళ్లే పెట్టాలన్నది అక్కడి పద్ధతి. ఒక రోజు భాస్కర్ ఫోన్ చేశాడు.

"బావా, షేర్వాణీ బుక్ చేశా, తలపాగాతో సహా. ఒక్క రోజుకి పన్నెండు వేలు. నువ్వు వచ్చి కొలతలు ఇయ్యి చాలు."

"ఒక్క రోజుకి అంటే?"

"అద్దెకి బావా. మళ్లీ ఎప్పుడు తొడుగుతావు అది?"

ఈ మాట చెబితే మా అత్త తింటున్న పళ్లెం పక్కకు జరిపింది. "అరువు సొమ్ము బరువు చేటు" అంది.  మర్నాడు నేను బస్సెక్కాను.

జేబులో తలంబ్రాలు

పేట అంటే నరసరావుపేట. అక్కడివాళ్లు పూర్తి పేరు పలకరు. బట్టల దుకాణాల వీధిలో ప్రతి గుమ్మం ముందూ తల లేని బొమ్మలు షేర్వాణీలు తొడుక్కుని నిలబడి ఉంటాయి. మా వైపు దుకాణంలోకి వెళితే "రండి, కూర్చోండి, ఏం చూపించమంటారు" అంటారు. ఇక్కడ ముందు మనిషిని చూసి, తర్వాత చెప్పులు చూసి, "ఏంది కావాల్సింది?" అంటారు. మొదట కోపం వచ్చింది. రెండో రోజుకు ఆ మాటలో అమర్యాద లేదని, ఆలస్యం మాత్రమే లేదని అర్థమైంది.

భాస్కర్ ముప్పై ఏళ్లవాడు, పొడగరి, ఎప్పుడూ ఎవరినో ఒకరిని నవ్విస్తూ ఉంటాడు. నన్ను తీసుకెళ్లిన దుకాణంలో మెడలో టేపు వేసుకున్న సుబ్బారావు అనే పెద్దమనిషి ఉన్నాడు. ఆయన నా వీపు కొలిచి, "అబ్బాయి బాగా నిటారు. ఇట్టాంటి వీపుకి ఏది తొడిగినా కూచుంటది" అన్నాడు. దానికి మాత్రం సంతోషించాను.

షేర్వాణీ మోకాళ్ల దాకా ఉంది, మీగడ రంగు, ఒళ్లంతా పూసలు. తొడుక్కుంటే ఎవరిదో అత్తరు వాసన. నేను కాని మనిషి ఒకడు ఆ బట్టలో ఇంకా నిలబడే ఉన్నట్టు అనిపించింది. చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక జేబులో పెట్టాను. వేళ్లకు ఏవో తగిలాయి. తీసి చూస్తే నాలుగు పసుపు బియ్యపు గింజలు.

వాటిని గల్లా బల్ల మీద వరసగా పెట్టాను. "ఇవి ఎవరి తలంబ్రాలు?"

సుబ్బారావు కళ్లజోడు సర్దుకున్నాడు. "డ్రై క్లీనింగ్ చేయించామే."

భాస్కర్ పగలబడి నవ్వాడు. "మంచిదే గదా బావా. ఇంతకు ముందోడికి పెళ్లి అయిందని రుజువు."

నేను షేర్వాణీ విప్పి మడతపెట్టి ఇచ్చేశాను. పంచె చూపించమన్నాను. సుబ్బారావు ఒక పెట్టె తెరిచాడు. అందులోది పంచె కాదు, పంచెలా కనిపించే ఏదో. ముందే కుచ్చిళ్లు కుట్టి ఉన్నాయి. నడుం దగ్గర లాగితే పర్రుమనే వెల్క్రో పట్టీ. పక్కన జేబు.

"ఇప్పుడు అందరూ ఇదే. ఊడిపోద్దన్న భయం ఉండదు. సెల్‌ఫోన్ కూడా పెట్టుకోవచ్చు."

"పీటల మీద నాకు ఫోన్ ఎవరు చేస్తారు?"

"ఎవురో ఒకరు చేస్తారుగా" అన్నాడు ఆయన.

నాకు కావలసింది కత్తెర పడని చాపు అని చెప్పాను. చాపు అంటే మగ్గం మీద ఒకే పొడుగున నేసిన పంచెల జత. ఒకటి కట్టుకోవడానికి, ఒకటి పైన కప్పుకోవడానికి. సుబ్బారావు నన్ను జాలిగా చూశాడు. "కత్తెర పడకుండా మిల్లులోంచి బట్ట బయటికి ఎట్టా వస్తదయ్యా?"

అప్పటికి దుకాణంలో పదిమంది చేరారు. మా ఇంట ఇలా కడతారు, కండువా వేయం, అద్దె బట్ట ముట్టం అని నేను అందరికీ వినపడేలా చెప్పాను. భాస్కర్ నవ్వుతూనే ఉన్నాడు, కానీ నవ్వు కాస్త పలచబడింది.

"ఇంతకీ మీ ఇంటి పంచె యాడుంది బావా? ఫోటోలోనేనా?"

ఆ మాట తగిలింది. ఇక వెనక్కి తగ్గడం నా చేత కాలేదు. "ఇవాళ్టికి నాలుగో రోజు సాయంత్రం దీపాలు పెట్టేలోపు మా ఇంటి చాపు తెచ్చి ఈ బల్ల మీద పెడతాను. తేలేకపోతే నువ్వు చెప్పిన షేర్వాణీ తొడుక్కుంటాను, తలపాగా తోకతో సహా."

"సుబ్బారావు బాబాయ్, విన్నావుగా. అది పక్కన పెట్టు" అన్నాడు భాస్కర్.

సాయంత్రం వసుంధర ఫోన్ చేసింది. "మా వాడితో పందెం కాశారంట?"

"అవును."

"గెలవండి. ఆ షేర్వాణీ ఫోటో వాడు నాకు పంపాడు. అందులో మీరు బ్యాండు మేళంలో బాకా ఊదేవాడిలా ఉన్నారు. పీటల మీద నేను నవ్వితే బాగోదు."

అంతా అనేసి, "ఓడిపోయినా రండి" అంది.

కళ్లు గోదారి

రెండో రోజు పొద్దున్నే ఆరువందల యాభై పెట్టి మామూలు తెల్ల పంచె ఒకటి కొని కట్టుకున్నాను. పంచె గురించి పందెం కాసినవాడు ప్యాంటుతో తిరగడం నాకే నచ్చలేదు. నిజం చెప్పాలంటే పంచె కట్టి ఇంటి గడప దాటడం అదే మొదలు. పిడుగురాళ్లలో బస్సు ఆగినప్పుడు సున్నపు బట్టీల దుమ్ము మీద పడింది. అక్కడి ఆకులు, గోడలు, గేదెలు అన్నీ తెల్లగానే ఉన్నాయి. నా పంచెకు వచ్చిన నష్టం ఏమీ లేదు.

గురజాలలో దిగింది కోర్టు చూడటానికి. మా తాతలు ఇద్దరూ పోట్లాడుకున్న చోటు అది. మధ్యాహ్నమైంది, ముందు అన్నం తిందామని కోర్టు వీధిలో ఒక మెస్సుకు వెళ్లాను. వంద రూపాయలకు కడుపు నిండా పెడతారు. వడ్డించేది మెస్ నడిపే ఆవిడే.

"ఏ ఊరు అబ్బాయ్?"

"రాజమండ్రి."

"మాటలోనే తెలుస్తందిలే. కారం తక్కువది వేరే గిన్నెలో ఉంది, తెమ్మంటావా?"

"అక్కర్లేదు. మాది అసలు వెల్దుర్తి."

ఆవిడ గోంగూర పచ్చడి రెండు గరిటెలు వేసింది, పక్కన పచ్చి ఉల్లిపాయ. మా వైపు గోంగూరలో పులుపు ముందు తగులుతుంది, కారం తర్వాత వస్తుంది. ఇక్కడ కారం ముందు వచ్చి కూర్చుంటుంది, పులుపు దాని అనుమతి తీసుకుని వస్తుంది. నేను తల దించకుండా తిన్నాను. నీళ్లు ముట్టలేదు. ఆవిడ మళ్లీ వచ్చి నా మొహం చూసింది.

"మాది వెల్దుర్తి అన్నావు. కళ్లు గోదారి అయినయ్యేంది?"

మెస్సు మొత్తం నవ్వింది. ఎదురు బల్ల దగ్గర తింటున్న ముసలాయన మాత్రం నవ్వకుండా, "వెల్దుర్తిలో ఎవరింటోళ్లు?" అని అడిగాడు. ఆయన వకీలు గుమాస్తాగా పనిచేసి మానేశాడట. ఆయన నాన్న కూడా గుమాస్తాయే. మా ఇంటిపేరు చెప్పాను.

"అన్నదమ్ముల దావానా? మా నాయన కతలు కతలుగా చెప్పేవాడు. వాయిదా ఉందంటే ఇద్దరూ వచ్చి ఎదురెదురు బెంచీల మీద కూచునేవాళ్లంట. ఇరవై ఏళ్లు. ఒకే పందిట్లో పెళ్లిళ్లు చేసుకున్న అన్నదమ్ములు, ఒక్క మాట మాట్లాడుకోలా. కానీ మధ్యాహ్నం ఇద్దరికీ ఒకటే మెస్సు. పెద్దాయన ఆకులో పచ్చడి అయిపోతే చిన్నాయన మాట్లాడకుండా గిన్నె జరిపేవాడంట. జరిపి మొహం తిప్పుకునేవాడంట."

ఒకే పందిట్లో పెళ్లిళ్లు జరిగాయని నాకు తెలియదు. మా అత్త చిన్న తాత పేరు కూడా ఇంట్లో పలకనివ్వదు. కోర్టుకు వెళ్లాను గానీ ఆ బెంచీలు ఇప్పుడు లేవు. వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు ఉన్నాయి. వాటిని ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు.

బస్సుతో పోయిన పంచె

మాచర్లలో అంతా రాయే. ఇళ్ల కప్పులకు రాయి, ప్రహరీలకు రాయి, పశువుల దొడ్డికి రాయి. పలకలుగా చీల్చిన నాపరాయిని నిలబెట్టి గోడ చేస్తారు. మా వైపు మట్టి ఏ ఆకారం కావాలంటే అది అవుతుంది, మనుషులూ అంతే. ఇక్కడ రాయి చీలుతుంది గానీ వంగదు. ఆ ఊరు నాకు నచ్చింది.

అక్కడే పరువు పోయింది. మూడో రోజు ఉదయం బస్సు దిగుతుంటే పంచె చెంగు తలుపు రేకులో ఇరుక్కుంది. నేను కిందకి, బస్సు ముందుకి. జామకాయలు అమ్ముకునే ఆవిడ నింపాదిగా, "అయ్యా, నీ పంచె బస్సుతో పోతంది" అంది. పరిగెత్తి, రేకు మీద గుద్ది, లాక్కున్నాను. మూరెడు మేర చిరిగింది. నడిరోడ్డు మీద నిలబడి చిరుగు లోపలికి పోయేలా మళ్లీ కట్టుకున్నాను. ఆవిడ ఒక జామకాయ కోసి ఉప్పూ కారం అద్ది ఇచ్చింది. డబ్బు తీసుకోలేదు. "ఇంత సేపు ఎవురూ నవ్వించలా" అంది.

బజారులో నాలుగు దుకాణాలు తిరిగాను. మా ఫోటో చూపించి ఈ అంచు ఎక్కడ నేస్తారని అడిగాను. మూడింట్లో మంగళగిరి వెళ్లమన్నారు. నాలుగో దుకాణం ఆయన ఫోటోను వెలుతురులో పెట్టి చూసి, "వెల్దుర్తి దారిలో కోటయ్య అని ఒకడు ఇంకా మగ్గం ఆడిస్తన్నాడు. ఈ అంచు వాళ్ల తాతల నాటిది. నాకే ఇస్తాడు, నెలకి నాలుగైదు చాపులు" అని ఆటో ఎక్కడ ఎక్కాలో చెప్పాడు.

గుమ్మంలో నిలబడినాయన

పదిహేను గడపల పల్లె అది. రెండు వైపులా మిరప చేలు. కోటయ్య ఇంట్లో నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టుకుని మగ్గం మీద కూర్చుని ఉన్నాడు. యాభై దాటినవాడు. మగ్గం మీద చాపు దాదాపు పూర్తయింది. తెల్లటి నేత, బెత్తెడు ఎర్రంచు. ఫోటోలో నలుపుగా కనిపించే ఆ అంచు ఎరుపు రంగులో చూడటం అదే మొదలు.  

సంగతి చెప్పాను. కత్తెర పడకూడదని చెప్పాను. కోటయ్య అటూ ఇటూ ఆడిస్తున్న నాడె ఆపాడు.

"అట్టాంటి బట్ట లోకంలో లేదయ్యా. మగ్గం మీద నుంచి దించాలంటే రెండు కొసలా కొయ్యాల్సిందే. కొయ్యకపోతే నువ్వు మగ్గంతో సహా కట్టుకోవాలి."

గది మూల నుంచి నవ్వు వినపడింది. కోటయ్య తల్లి నాగమ్మ గోడకు ఆనుకుని కూర్చుని కండెలకు నూలు చుడుతోంది. ఎనభై అయిదు దాటి ఉంటాయి. నన్ను కాదు, నా పంచె చిరుగును చూస్తోంది.

"ఎవరింటోడివి నాయనా?"

ఇంటిపేరు చెప్పి ఫోటో చేతిలో పెట్టాను. ఆవిడ చాలాసేపు చూసింది.

"ఇది పెద్దోడిది. రెండోవాడిది ఏది?"

"రెండోది మా దగ్గర లేదు."

"రెండోది లేకపోతే ఇది సగమే గదా." ఆవిడ ఫోటో తిరిగి ఇచ్చింది. "చిరిగిన పంచెతో వచ్చావు. మీ ముత్తాత ఈడనే చింపుకుని పోయాడు."

ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తాను. మా ఇంటి గురించి నేను విన్న మాటల్లో నేను మార్చకూడనివి ఇవే.

"నేను ఇంతుండేదాన్ని. ఇట్టానే కండెలు చుడతా కూచున్నా. ఆయన ఆ గుమ్మంలో నిలబడ్డాడు, లోపలికి రాలా. ఇద్దరు కొడుకులకీ పెళ్లిళ్లని రెండు చాపులు నెయ్యమని చెప్పిపోయినోడు, ఒకటి చాలన్నాడు. ఆ ఏడు వానల్లేవు, అందరికీ తెలుసు. మా నాయన రెండూ తీసుకెళ్లు దొరా, తర్వాత చూసుకుందాం అన్నాడు. ఒప్పుకోలా. అరువు బట్ట నా పిల్లల ఒంటి మీదకి ఎక్కదు అన్నాడు. సరే, ఆ ఒక్కదాన్నే రెండు చేద్దామని మా నాయన కత్తెర తీశాడు. అప్పుడొచ్చాడు లోపలికి. వచ్చి కత్తెర మీద చెయ్యి పెట్టాడు. అన్నదమ్ముల నడుమ కత్తెర పడకూడదు, పడితే విడిపోతారు అన్నాడు. అంచు దగ్గర పంటితో కొరికి, రెండు చేతుల్తో చింపాడు. పర్రుమని ఆ చప్పుడు ఇప్పటికీ నాకు వినపడతది."

నేను అడిగింది ఒక్కటే. "మరి కండువా?"

"కండువా యాణ్ణించి వస్తది నాయనా? ఒకటి కట్టుకోను, ఒకటి కప్పుకోనూ గదా చాపు. ఒకడికి అయ్యేది ఇద్దరికి చేస్తే కట్టుకోనే సరిపాయె."

"అబద్ధం" అన్నాను. అంత పెద్దావిడతో అలా అనకూడదు. అన్నాను.

ఆవిడకు కోపం రాలేదు. "నీ ఇష్టం" అని మళ్లీ కండె తిప్పుకుంది.

నేను బయటికి వచ్చి మా ముత్తాత నిలబడిన గుమ్మంలోనే నిలబడ్డాను. ముప్పై ఎనిమిదేళ్లుగా నేను మెడ ఎత్తుకుని తిరిగింది ఒక కరువు సంవత్సరం మీద. ఎవరి ముందూ దించం అని చెప్పుకున్న కండువా అసలు మాకు లేదు. మొదట సిగ్గు వేసింది. కాసేపటికి అది వేరేదిగా మారింది. రెండు చాపులు ఇస్తామంటే ఒకటే తీసుకుని పంటితో చింపుకుపోయిన మనిషి గొప్పవాడా, బట్టల బీరువా నిండా ఉన్నవాడు గొప్పవాడా? మా వాళ్లు ఆయన పేదరికాన్ని దాచడానికి గొప్పలు అల్లారు, అసలు గొప్పను పారేశారు. కత్తెర వద్దన్నది బట్ట కోసం అనుకున్నారు. ఆయన వద్దన్నది కొడుకుల కోసం. ఆ ఒక్క మాట ఇంట్లో నిలిచి ఉంటే గురజాలలో ఆ బెంచీలు ఎదురెదురుగా ఉండేవి కావేమో.

లోపలికి వెళ్లి చాపు దించమన్నాను.

"ఒకటా, రెండా?" అంది నాగమ్మ.

"ఒకటే, పెద్దమ్మా."

ఇందాకటి మాటకు క్షమాపణ ఆ పిలుపులో ఉందని ఆవిడకు తెలిసినట్టే ఉంది. నవ్వింది. కోటయ్య మిగిలిన జానెడూ నేసి, రెండు కొసలా కోసి మడత పెట్టాడు. "నడుమ మాత్రం నేను ముట్టలా" అన్నాడు. రెండు వేల ఎనిమిది వందలు. బేరం ఆడలేదు. ఆడితే ఆ గుమ్మం ఒప్పుకునేది కాదు.

మళ్లీ పేట

నాలుగో రోజు దీపాలు పెట్టకముందే చాపు తెచ్చి సుబ్బారావు బల్ల మీద పెట్టాను. భాస్కర్, వాళ్ల నాన్న ఉన్నారు. వసుంధర డ్యూటీ దిగి నేరుగా అక్కడికే వచ్చింది. షేర్వాణీ అట్టపెట్టెలో సిద్ధంగా ఉంది.

భాస్కర్ చాపు విప్పి కొస చూశాడు. "ఓడిపోయావు బావా. కోసిన గుర్తు ఉంది."

"ఉంది. కత్తెర పడని బట్ట లోకంలో లేదు. నేను ఓడిపోయాను. అయినా ఆ షేర్వాణీ తొడుక్కోను."

"మాట తప్పుతావా?"

"తప్పుతాను. ఎందుకో విని, తర్వాత ఏమైనా అను."

మూడు రోజుల కిందట ఎంతమంది ముందు గొప్ప చెప్పానో, అంతమంది ముందూ జరిగింది చెప్పాను. వానలు లేని ఏడాది దగ్గర గొంతు తగ్గించలేదు. కండువా ఎందుకు లేదో చెప్పేటప్పుడు మెడ దించలేదు. ఇంతకు ముందు తెలియక కండువా వేయం అన్నాను, ఇప్పుడు తెలిసి వేయను అన్నాను. సంబంధం వద్దనుకుంటే ఇక్కడే చెప్పేయమన్నాను. అది వసుంధర నాన్న వైపు తిరిగి అన్నాను.

ఆయన అట్టపెట్టె మీద మూత పెట్టి సుబ్బారావు వైపు జరిపాడు.

అప్పుడు చాపు సగానికి మడిచి, అంచు పంటి కింద పెట్టాను. మా ముత్తాత పళ్లు నా పళ్ల కంటే గట్టివి అయి ఉండాలి, రెండుసార్లు కొరకాల్సి వచ్చింది. తర్వాత రెండు చేతులతో లాగాను. పర్రుమంది. "అయ్యో, కొత్త బట్ట" అని సుబ్బారావు లేచి నిలబడ్డాడు. నాగమ్మ చెప్పిన చప్పుడు అదేనని నాకు తెలిసింది.

ఒక సగం భాస్కర్ చేతిలో పెట్టాను. హోమం దగ్గర అక్క దోసిట్లో పేలాలు పోసేది తమ్ముడు. ఆ తమ్ముడికి పెళ్లికొడుకే బట్టలు పెట్టాలి. "నాకు తోడబుట్టినవాడు లేడు. రెండో సగం నీది" అన్నాను.

భాస్కర్ ఆ చింపిన అంచు మీద వేలితో రాస్తూ నిలబడ్డాడు. చివరికి, "పందెం తేల్చకుండానే చింపేశావు బావా" అన్నాడు.

"వాడికి పంచె కట్టుకోవడం రాదు" అంది వసుంధర.

"నేను నేర్పుతాను."

"మీకొచ్చా? మాచర్లలో బస్సుతో పోయిందన్నారుగా."

సుబ్బారావు ఇద్దరి పంచెలకూ వెల్క్రో వేయిస్తానని ముందుకొచ్చాడు. "కత్తెర పడకూడదు బాబాయ్" అన్నాడు భాస్కర్, పంచె వెనక్కి లాక్కుంటూ.

పెళ్లి అనుకున్న రోజుకే జరిగింది. మా అత్త వచ్చింది. నాగమ్మ చెప్పింది ఆవిడకు ముందే చెప్పాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు చిన్న తాత పేరు పలికింది.

హోమం అయ్యాక ఫోటోగ్రాఫర్ నన్నూ భాస్కర్‌నూ పక్కపక్కన నిలబెట్టాడు. ఇద్దరికీ ఒకే ఎర్రంచు, ఇద్దరి భుజాలూ బోడిగా ఉన్నాయి. అతను కెమెరాలోంచి చూసి, మొహం చిట్లించి, "సార్, పైన కండువాలు ఏవి? వేసుకోండి, బాగుంటది" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే భాస్కర్ చెప్పాడు.

"మా ఇంట వెయ్యరు."